పాత చెవీ 350 మీద వోర్టెక్ హెడ్లు: పోత మేలిరకం, స్ప్రింగులు సాదారకం

జనరల్ మోటార్స్ 1996లో ట్రక్కులకు, వ్యాన్లకు ఇచ్చిన ఎల్31 అనే 5.7 లీటర్ల ఇంజిన్‌తో పాటు వచ్చిన ఇనప హెడ్లే ఈ వోర్టెక్ హెడ్లు. (హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులుండే భాగం.) 1955 నుంచి సాగుతున్న స్మాల్ బ్లాక్ చెవీ వంశంలో మామూలు బండ్లకు ఫ్యాక్టరీ పోసిన ఇనప హెడ్లను వరసగా పెడితే, గాలి లాగడంలో వీటి దరిదాపుకు వచ్చేవి అరుదు. డెబ్బైల, ఎనభైల నాటి 350 ఘనపుటంగుళాల బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం) ఉన్నవాళ్లు పాత హెడ్లు దించి వీటిని ఎక్కించడం అందుకే ఇంత మామూలైపోయింది. మా అంచనా ముందే చెప్పేస్తాం. పోతకు పూర్తి మార్కులు. దానిమీద ఫ్యాక్టరీ బిగించిన వాల్వు స్ప్రింగులకు, రాకర్లను (వాల్వును కిందికి నొక్కే మీటలను) పట్టే స్టడ్లకు పాస్ మార్కులు మాత్రమే. ఇక చుట్టూ కొనాల్సిన సామాను లెక్క వేసుకోకుండా హెడ్ ఒక్కటే చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే జేబుకు చిల్లే.

గుర్తుపట్టడం కష్టం కాదు. వాల్వ్ కవర్ తీస్తే రాకర్ల మధ్య పోత నంబరు కనిపిస్తుంది. 10239906 గానీ 12558062 గానీ ఉండాలి. అందరూ చివరి మూడంకెలతో 906, 062 అనే పిలుస్తారు. రెండింటికీ 64 సీసీ చాంబరు (మిశ్రమం మండే గుంట), 170 సీసీ ఇన్‌టేక్ దారి (గాలి లోపలికి వచ్చే పోర్టు), 1.94 అంగుళాల ఇన్‌టేక్ వాల్వు, 1.50 అంగుళాల ఎగ్జాస్ట్ వాల్వు. 5 లీటర్ల ఇంజిన్ (305) మీద వచ్చిన వోర్టెక్ హెడ్లు వేరే పోత. వాటి చాంబరు చిన్నది. అమ్మేవాడు "వోర్టెక్కే" అన్నాడని నమ్మి నంబరు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

కొనేముందు తప్పక చేయించాల్సింది పగుళ్ల పరీక్ష. బరువు తగ్గించడానికి ఈ పోతను పల్చగా పోశారు. ఇంజిన్ ఒక్కసారి బాగా వేడెక్కిపోయినా పగుళ్లు వస్తాయి. మొదట చూడాల్సిన చోటు చాంబరులో రెండు వాల్వు సీట్ల మధ్య ఉన్న ఇరుకు గట్టు. మసి తుడిచేసి వెలుతురు అడ్డంగా పడేలా పట్టుకుంటే, ఇన్‌టేక్ సీటు అంచు నుంచి ఎగ్జాస్ట్ సీటు వైపు వెంట్రుకలాంటి గీత ఒక్కోసారి కంటికే తెలుస్తుంది. కనబడలేదంటే లేనట్టు కాదు. అయస్కాంత పొడి పరీక్ష, నీటి దారుల ప్రెషర్ టెస్ట్ రెండూ చేయించాకే వాల్వు పని మొదలుపెట్టాలి. పగిలిన హెడ్‌కు కొత్త గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు) వేయించి, సీట్లు కోయించి, ఆ తర్వాత పగులు బయటపడితే కూలి మొత్తం నీళ్లపాలు.

ఎందుకంత పేరు

28 అంగుళాల నీటి పీడనం దగ్గర ఫ్లో బెంచీ (గాలి ప్రవాహం కొలిచే యంత్రం) మీద పెడితే, చెయ్యి పెట్టని వోర్టెక్ హెడ్ ఇన్‌టేక్ వైపు 500 థౌ లిఫ్టులో (వాల్వు తెరుచుకునే ఎత్తు) సుమారు 230 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) ఇస్తుంది. (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇక్కడ చిన్న కొలతలన్నీ అందులోనే.) పాత 76 సీసీ ట్రక్కు హెడ్లు దీనికి చాలా దిగువనే ఆగిపోతాయి. పోర్టు ఎత్తుగా ఉండి, వాల్వు వెనక మలుపు సాఫీగా తిరగడమే కారణం. అందుకే గ్రైండర్ పట్టుకుని దీన్ని పోర్టింగ్ చేయాలని ఉబలాటపడొద్దు. సీటుకు కాస్త కింద గిన్నె భాగంలో ఉండే గరుకు అంచును నునుపు చేస్తే చాలు. దారిని పెద్దది చేశారంటే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి, ట్రక్కుకు కావాల్సిన లాగుడే పోతుంది.

చాంబరు ఆకారం ఇంకో లాభం. స్పార్క్ ప్లగ్గు ఎగ్జాస్ట్ వాల్వు పక్కకు జరిగి ఉంటుంది. ఎదురువైపు పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిశ్రమాన్ని ప్లగ్గు వైపు నొక్కే చదును భాగం పెద్దది. మంట త్వరగా పాకుతుంది కాబట్టి ఇగ్నిషన్‌ను అంత ముందుకు జరపక్కర్లేదు. పాత హెడ్లకు స్పార్క్‌ను మొత్తం 36 డిగ్రీలు ముందుకు పెట్టేవాళ్లు వీటికి 32 దగ్గర మొదలుపెట్టాలి. పాత డిస్ట్రిబ్యూటర్ సెట్టింగు అలాగే వదిలేసి "కొత్త హెడ్లు వేశాక నాకింగ్ వస్తోంది" అనేవాళ్లు ముందు టైమింగ్ లైటు పట్టుకోవాలి.

కంప్రెషన్ లెక్క

ఇక్కడ తొందర పనికిరాదు. 350కి బోరు 4 అంగుళాలు, స్ట్రోకు 3.48. అంటే ఒక్కో సిలిండరు 716.6 సీసీ. పిస్టన్ మీద 12 సీసీ గుంట ఉందనుకుందాం, పైకి వచ్చినప్పుడు డెక్‌కు (బ్లాకు పైముఖానికి) 25 థౌ కింద ఆగుతుందనుకుందాం, గ్యాస్కెట్ 40 థౌ మందం, దాని బోరు 4.1 అంగుళాలు. గ్యాస్కెట్ వాటా 8.65 సీసీ, డెక్ వాటా 5.15 సీసీ. 76 సీసీ హెడ్‌తో కలిపితే 101.8 సీసీ, కంప్రెషన్ (పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైన ఉన్నప్పటి చోటుకు ఎన్ని రెట్లో ఆ అంకె) 8.04. అదే ఇంజిన్ మీద 64 సీసీ వోర్టెక్ పెడితే 89.8 సీసీ, కంప్రెషన్ 8.98. ఇంకేమీ ముట్టుకోకుండా దాదాపు ఒక పాయింటు వచ్చేసింది. పాత 350 ఒక్కసారిగా చురుకెక్కిందని జనం అనడంలో సగం కారణం ఇదే, హెడ్ గాలి లాగడం ఒక్కటే కాదు.

పిస్టన్లు చదునువై, వాల్వు గుంటలు 6 సీసీ మాత్రమే ఉంటే అదే గ్యాస్కెట్‌తో 9.55 వస్తుంది. ఫ్యాక్టరీ ఎల్31 కంప్రెషనే 9.4, అది మామూలు పెట్రోలుతో నడిచేది. కాబట్టి ఇక్కడిదాకా భయం లేదు. 15 థౌల పల్చటి స్టీలు గ్యాస్కెట్ వేస్తే 10.14కు పోతుంది. అప్పుడు ప్రీమియం పెట్రోలు తప్పదు. పల్చటి గ్యాస్కెట్‌కు ఒక గట్టి కారణమూ ఉంది: పిస్టన్‌కు హెడ్ చదునుకు మధ్య సందు 65 థౌల నుంచి 40కి తగ్గుతుంది, నొక్కుడు ప్రభావం అక్కడే బాగా పనిచేస్తుంది. అందుకని 12 సీసీ గుంట పిస్టన్లు ఉన్నవాళ్లకు మేం చెప్పేది పల్చటి గ్యాస్కెట్టే. 9.49 దగ్గర ఆగుతుంది, సందూ సరిపోతుంది. అయితే రెండు ముఖాలూ చదునుగా, నునుపుగా ఉంటేనే ఆ స్టీలు రేకు పట్టు నిలుస్తుంది. హెడ్ ఫేసింగ్ (ముఖం కోసి చదును చేయడం) చేయించి, బ్లాకు మీద గీతలు అలాగే వదిలేస్తే నీరు కారుతుంది.

ఫేసింగ్ గురించి ఇంకో మాట. హెడ్ ముఖం ఎక్కువ కోస్తే హెడ్లు రెండూ కిందికి దిగి దగ్గరవుతాయి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (మిశ్రమాన్ని హెడ్లకు పంచే గొట్టాల దిమ్మె) బోల్టులు సూటిగా దిగవు. పది థౌల లోపు అయితే సర్దుకుంటుంది. ముప్పై కోశారంటే ఇన్‌టేక్ ముఖాన్నీ ఆ నిష్పత్తిలో కోయించాలి.

స్ప్రింగులు, గైడ్లు

ఈ హెడ్ల అసలు బలహీనత ఇదే. ఎల్31 ఫ్యాక్టరీ క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) లిఫ్టు ఇన్‌టేక్‌కు 414, ఎగ్జాస్ట్‌కు 428 థౌలు. హెడ్ మీది సామాను సరిగ్గా అంతవరకే సరిపోయేలా పెట్టారు. మామూలుగా 420 నుంచి 460 థౌల మధ్య ఎక్కడో స్ప్రింగు పైన ఉండే రిటైనరు దిగివచ్చి గైడు మీది ఆయిల్ సీలుకు తగులుతుంది. జీఎం సొంత జెడ్‌జెడ్4 ఇంజిన్ రోలర్ క్యామ్ లిఫ్టే 474, 510. దాన్ని ఏ మార్పూ లేని వోర్టెక్ హెడ్ కింద పెట్టడమంటే సీలును సుత్తితో కొట్టడమే. మొదట సీలు నలిగి రబ్బరు ముక్కలు ఆయిల్లో కలుస్తాయి, ఉదయం స్టార్ట్ చేయగానే నీలి పొగ వస్తుంది. ఆ తర్వాత ఇనుముకు ఇనుము తగిలి, రిటైనరును వాల్వుకు పట్టి ఉంచే కీపర్లు వదులవుతాయి. వాల్వు సిలిండరులోకి జారిందంటే పిస్టన్, హెడ్ రెండూ పోయినట్టే.

కొలవడం సులువు, మానేయడానికి సాకు లేదు. వాల్వుకు స్ప్రింగు లేకుండా సీలు, రిటైనరు, కీపర్లు మాత్రం బిగించండి. వాల్వును సీటుకు ఆనించి పైకి పట్టుకుని డయల్ గేజీ సున్నా చేయండి. రిటైనరు సీలుకు ఆనేదాకా వాల్వును కిందికి నొక్కి గేజీ చూడండి. అందులోంచి 50 థౌలు తీసేస్తే మీ హెడ్ భరించే లిఫ్టు. గేజీ 480 చూపిస్తే మీకున్నది 430 అన్నమాట. పదహారు వాల్వులూ ఒకేలా ఉండవు, పోతలోనే తేడాలుంటాయి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత స్ప్రింగు బిగించి, పూర్తి లిఫ్టులో చుట్లు ఒకదానికొకటి ఆనేలోపు ఇంకో 60 థౌలైనా మిగిలిందో లేదో చూడాలి.

లిఫ్టు చాలకపోతే దారులు రెండు. పాత పద్ధతి గైడు బాసును (గైడు చుట్టూ పైకి పొడుచుకొచ్చిన ఇనుమును) కోయడం. గైడు రంధ్రంలో పైలట్ దించి, డ్రిల్లుకు తగిలించిన కట్టరుతో బాసు ఎత్తును కావాల్సినంత తగ్గించి, బయటి వ్యాసాన్ని 530 థౌలకు చెక్కి, దానికి తగిన చిన్న సీలు ఎక్కిస్తారు. ఎత్తు అవసరానికి మించి తగ్గిస్తే గైడు పొట్టిదై త్వరగా అరుగుతుంది. స్ప్రింగు కూర్చునే గిన్నెను వెడల్పు చేసి పెద్ద డబుల్ స్ప్రింగులు పెట్టించాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఆ గిన్నె కింద ఇనుము పల్చన, దాని కింద నీళ్లు.

రెండో దారి బీహైవ్ స్ప్రింగులు. పైకి పోయేకొద్దీ సన్నబడే ఈ స్ప్రింగుకు రిటైనరు చిన్నది, తేలిక. కొంచెం ఎత్తులో కూర్చునే రిటైనర్లతో కలిపి అమ్మే సెట్లయితే కోత లేకుండానే 500 థౌల లిఫ్టు దాటుతాయి. వీధి బండికి మా ఓటు దీనికే. మెషిన్ పని కూలి మిగులుతుంది, గైడు పొడవూ అలాగే ఉంటుంది. సెట్టు మీద రాసిన లిఫ్టును నమ్మి పైన చెప్పిన కొలత మాత్రం మానొద్దు.

క్యామ్ మార్చినా, హెడ్ ముఖం కోసినా వాల్వుకు పిస్టన్‌కు మధ్య సందు చూడాల్సిందే. పిస్టన్ మీద మైనం లాంటి మెత్తటి మట్టి అద్ది, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి అన్నిటికంటే పల్చగా నలిగిన చోట కోసి కొలవాలి. ఇన్‌టేక్ వైపు 80, ఎగ్జాస్ట్ వైపు 100 థౌలకు తగ్గకూడదు.

రాకర్లు: కలగాపులగం చేస్తే ప్రమాదం

1987కు ముందు హెడ్లలో పుష్ రాడ్డు (క్యామ్ కదలికను రాకరుకు చేర్చే కడ్డీ) పోయే రంధ్రం ఇరుకు. రాడ్డు పక్కకు జరగకుండా ఆ రంధ్రమే పట్టుకుంటుంది, దాంతో రాకరు వాల్వు కొన మీదే ఉంటుంది. వోర్టెక్‌లో రంధ్రం వెడల్పు. రాకరు మూతికి రెండు పక్కలా చిన్న గోడలుండి, అవే వాల్వు కొనను పట్టుకుంటాయి. అంటే పాత రాకర్లు తెచ్చి వోర్టెక్ మీద పెడితే పట్టేవాడు లేక రాకరు వాల్వు మీంచి పక్కకు జారుతుంది. వోర్టెక్ రాకర్లు తీసుకెళ్లి పాత హెడ్ మీద పెట్టడం ఇంకా ఘోరం. పాత వాల్వు కొన పొట్టిది కాబట్టి రాకరు పక్క గోడలు రిటైనరును నొక్కుతాయి, కీపరు ఊడుతుంది. గైడు ప్లేట్లు వేస్తే మామూలు రాకర్లు, గట్టిదనం ఎక్కించిన పుష్ రాడ్లు వాడాలి. గైడు ప్లేటూ, పక్క గోడల రాకరూ రెండూ కలిపి పెడితే ఒకటి ఇటు లాగితే ఇంకొకటి అటు లాగుతుంది.

రాకర్ స్టడ్లు హెడ్‌లోకి నొక్కి దించినవే, మరలతో బిగించినవి కావు. ఫ్యాక్టరీ స్ప్రింగులకు అవి చాలు. గట్టి స్ప్రింగులు వేస్తే మెల్లగా పైకి లేస్తాయి. ఒకే వాల్వు ట్యాపెట్ (క్యామ్‌కు పుష్ రాడ్డుకు మధ్య ఉండే ముక్క) ఎన్నిసార్లు సెట్ చేసినా మళ్లీ చప్పుడు చేస్తుంటే, ఆ స్టడ్ ఎత్తును పక్కదానితో స్కేలు పెట్టి పోల్చండి. మరల స్టడ్లకు మార్చాలంటే బాసు పైభాగం కోసి ట్యాప్ వేయించాలి.

క్యామ్ ఎత్తును 1.5 రెట్లు చేసే ఫ్యాక్టరీ రాకర్ల బదులు 1.6 రెట్లవి వేస్తే ఎల్31 క్యామ్ లిఫ్టు 414 నుంచి 442కు, 428 నుంచి 457కు చేరుతుంది. ఫ్యాక్టరీ రిటైనర్లకు ఆ ఎగ్జాస్ట్ అంకె అప్పుడే గీత దాటింది. పైగా 1.6లో పుష్ రాడ్డు స్టడ్ వైపు జరుగుతుంది, రంధ్రం అంచుకు రాసుకుంటోందేమో చూడాలి. పుష్ రాడ్డు పొడవు ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్‌కు సుమారు 7.8 అంగుళాలు, ఫ్యాక్టరీ రోలర్ ఇంజిన్‌కు 7.2. అదైనా గుడ్డిగా కొనొద్దు. వాల్వు కొనకు మార్కర్ ఇంకు పూసి ఇంజిన్ తిప్పితే రాకరు రాసిన చారిక పడుతుంది. సన్నగా, కొన మధ్యలో పడితే పొడవు సరైనది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు అంచుకు పడితే రాడ్డు పొడవెక్కువ.

హైడ్రాలిక్ ట్యాపెట్ సెట్టింగు మామూలే: ఆ సిలిండరు ఎగ్జాస్ట్ తెరుచుకోవడం మొదలవగానే ఇన్‌టేక్, ఇన్‌టేక్ మూసుకోబోతుండగా ఎగ్జాస్ట్. రాడ్డు పైకీ కిందికీ ఆడడం ఆగిన చోటి నుంచి అర చుట్టు బిగించాలి. రాడ్డు తిరగడం ఆగేదాకా బిగిస్తే అప్పటికే ఎక్కువైపోయినట్టు.

మానిఫోల్డ్, మిగతా ఖర్చు

పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ పనికిరాదు. పాతదానికి 12 బోల్టులు వాలుగా దిగితే, దీనికి ఎనిమిదే, దాదాపు నిలువుగా దిగుతాయి. పోర్టులు కూడా ఎత్తు. బోల్టు రంధ్రాలు రెండు రకాలుగా కొట్టిన బయటి హెడ్లు దొరుకుతాయి గానీ, బోల్టు దిగినంత మాత్రాన పోర్టు పోర్టుకు కలిసినట్టు కాదు. కార్బురేటర్ ఉన్న వీధి బండ్లకు చక్కగా సరిపోయే మానిఫోల్డ్ ఎడెల్‌బ్రాక్ పెర్‌ఫార్మర్ 2116. ఎక్కువ ఆర్‌పీఎం కావాలంటే అదే కంపెనీ 7116. చవక హెడ్ తెచ్చుకున్నవాళ్లకు మానిఫోల్డ్ ధర వినగానే నోట మాట రాదు. అందుకే ఈ ఖర్చు ముందే చెబుతున్నాం.

మానిఫోల్డ్ బోల్టులకు 11 ఫుట్ పౌండ్లే. పాత అలవాటు కొద్దీ 30 లాగితే గ్యాస్కెట్ నలిగి నీరు లోపలికి కారుతుంది. ముందు, వెనక గోడల మీద కార్కు పట్టీలు వదిలేసి పావు అంగుళం మందాన ఆర్‌టీవీ (సిలికాన్ సీలెంట్) వరుస వేయాలి. ఈ హెడ్లలో ఎగ్జాస్ట్ వేడి మానిఫోల్డ్ కిందికి వచ్చే దారి లేదు. కాబట్టి ఆ వేడితో తెరుచుకునే చోక్ పనిచేయదు, ఎలక్ట్రిక్ చోక్ పెట్టుకోవాలి. వాల్వ్ కవర్లు కూడా కొత్తవే. పాతవాటి బోల్టులు అంచు చుట్టూ ఉంటాయి, వీటివి మధ్యలో.

హెడ్ బోల్టులు ఒక్కో వైపు 17, మూడు పొడవులు. ఇవి నీటి దారిలోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ పూయకపోతే కూలెంట్ మరల వెంట పైకి పాకి ఆయిల్లో కలుస్తుంది. పాత రకం బోల్టులైతే మధ్య నుంచి చివరలకు మూడు విడతల్లో 65 ఫుట్ పౌండ్లు. ఎల్31 పద్ధతైతే ముందు 22 ఫుట్ పౌండ్లు, ఆ తర్వాత పొట్టివి ఇంకో 55 డిగ్రీలు, మధ్యవి 65, పొడుగువి 75 డిగ్రీలు తిప్పాలి.

ఏ బ్లాకు మీద వద్దు

400 బ్లాకులో సిలిండర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య పుట్టే ఆవిరి పోవడానికి హెడ్‌లో ప్రత్యేక రంధ్రాలు కావాలి, వోర్టెక్‌కు అవి లేవు. 400 గ్యాస్కెట్‌ను అచ్చుగా పెట్టి ఆ రంధ్రాలు కొట్టించకుండా ఎక్కిస్తే ఆవిరి నిలిచి గ్యాస్కెట్ కాలుతుంది. 305కు ఎక్కించొచ్చు గానీ పెద్ద లాభం లేదు. 58 సీసీ చాంబరు పోయి 64 వచ్చి కంప్రెషన్ తగ్గుతుంది, 3.736 అంగుళాల బోరులో 1.94 వాల్వు గోడకు మరీ దగ్గరవుతుంది. 1992 నుంచి 1997 వరకు వచ్చిన ఎల్‌టీ1 ఇంజిన్ చూడ్డానికి అన్నదమ్ముడిలా ఉన్నా దాని నీళ్లు ముందు హెడ్లకు వెళ్లి తర్వాత బ్లాకుకు వస్తాయి, అందుకే హెడ్లు అటూ ఇటూ మారవు. ఆ తర్వాత వచ్చిన జీఎం ఎల్ఎస్ సిరీస్ ఇంజిన్లతో ఏ పోలికా లేదు.

1987 నుంచి 1995 వరకు త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ ట్రక్కులకు వోర్టెక్ హెడ్ల మీద కూర్చునే మానిఫోల్డ్ దొరుకుతుంది. అయితే ఆ కంప్యూటర్‌లోని పెట్రోలు లెక్కలు పాత హెడ్లవి. ఎక్కువ గాలి లోపలికి పోతే మిశ్రమం పల్చనవుతుంది, స్పార్క్ పట్టిక కూడా పాత చాంబరుదే. చిప్ రాయించకుండా బరువు లాగొద్దు.

మొదటిసారి వేడెక్కి చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తెల్లగా పాల రంగులో ఉంటే బండి నడపకుండా మానిఫోల్డ్ గ్యాస్కెట్, హెడ్ బోల్టు సీలెంట్ ఈ రెండూ ముందు విప్పి చూడాలి.